వాచీలో 112, నోట్లో రెండు మాటలు: ఒక క్లయింట్ కేస్ స్టడీ

ఈ క్లయింట్‌ని నాకంటే ముందు ఇద్దరు ట్రైనర్లు వదులుకున్నారు. ఒకరు "ఆయనకి అన్నీ తెలుసు, ఇంక మనమెందుకు" అనేసి తప్పుకున్నారు. ఇంకొకరు ఏమీ అనకుండా షిఫ్ట్ మార్పించుకున్నారు. ఫైల్ నా చేతికిస్తూ మేనేజర్ అన్న మాట ఒక్కటే: "ఎలాగోలా రెన్యూవల్ దాకా లాగించండి."

పర్సనల్ ట్రైనింగ్‌లో ఉన్నవాళ్లకి ఇలాంటి ఫైల్ ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. 'డిఫికల్ట్ క్లయింట్' అని ముద్ర పడ్డాక ఆ ముద్ర కింద ఏముందో చూసే ఓపిక ఎవరికీ ఉండదు. చూస్తే మాత్రం రెండు వేర్వేరు గొడవలు కనిపిస్తాయి. ఒకటి ఒంటికి సంబంధించింది: భయం, నొప్పి, దాచిన విషయం, సగం తెలిసిన విషయం. రెండోది ఒప్పందానికి సంబంధించింది: టైమ్, ఫోన్, మాటతీరు, ఫీజు. మొదటిదాన్ని అడిగి తెలుసుకోవాలి. రెండోదానికి ముందే చెప్పిన రూల్ ఉండాలి, ఆ రూల్ అమలు కావాలి. మన దగ్గర ఎక్కువగా జరిగేది దీనికి తలకిందులు. లేటుగా వచ్చేవాళ్లని బుజ్జగిస్తాం, భయపడేవాళ్లకి క్రమశిక్షణ గురించి క్లాసు పీకుతాం. దాంతో రెండూ ముదురుతాయి.

ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను.

ఫైల్‌లో ఉన్నది

వయసు 48. ఆఫీసులో పెద్ద బాధ్యత, కింద చాలామంది పనిచేస్తారు. కాలేజీ రోజుల్లో పరుగు పందేల్లో మెడల్స్ వచ్చాయి. ఆ తర్వాత వ్యాయామం అంటూ ఏమీ లేదు. లక్ష్యం గళ్లో "12 కిలోలు తగ్గాలి, పాత స్టామినా రావాలి" అని ఉంది.

వ్యాయామం మొదలుపెట్టే ముందు నింపించే పీఏఆర్-క్యూ ప్లస్ ఫామ్‌లో మొదటి పేజీలో ఏడు ప్రశ్నలుంటాయి. గుండె జబ్బు గానీ బీపీ గానీ ఉందని డాక్టర్ ఎప్పుడైనా చెప్పారా, ఛాతీలో నొప్పి వస్తుందా, కళ్లు తిరుగుతాయా, దీర్ఘకాల సమస్యకి మందులు వాడుతున్నారా, ఇలాంటివి. ఆయన ఫామ్‌లో ఏడు 'లేదు'ల మీదుగా పైనుంచి కిందికి ఒకే గీత ఉంది. ఒక్కో ప్రశ్న చదివి టిక్ పెట్టిన ఫామ్ అలా ఉండదు. అలాంటి ఫామ్ చేతికొస్తే దాన్ని ఖాళీ ఫామ్‌గానే చూడాలన్నది నా పద్ధతి.

పాత ట్రైనర్ల నోట్స్‌లో విశేషణాలే ఎక్కువ. 'ఈగో', 'మొండి', 'వినరు'. వాటితో ఏం చేయాలో ఎవరికీ తెలియదు. పనికొచ్చే వాక్యం ఒకటే కనిపించింది: "ప్రతి సెట్ తర్వాత వాచీ చూసుకుని స్పీడ్ పెంచమంటున్నారు."

వాచీ

మొదటి సెషన్లలో నేను ఎక్కువగా గమనించడానికే టైమ్ ఇచ్చాను. పావుగంట, ఒక్కోసారి ఇరవై నిమిషాలు లేటుగా వచ్చేవారు. వార్మప్ అంటే విసుగు. "టైమ్ వేస్ట్ కోచ్, డైరెక్టుగా మొదలుపెడదాం" అనేవారు. సెట్ అయిన ప్రతిసారీ మణికట్టు తిప్పి వాచీలో పల్స్ చూసుకునేవారు.

"చూడు, 110 దగ్గరే ఉంది. 140 దాటకపోతే అది వర్కవుట్ ఎలా అవుతుంది?"

లెక్క ఆయన ఊరికే చెప్పట్లేదు. 220లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ పల్స్ అంచనా 172. దాంట్లో 80 శాతం అంటే దాదాపు 138. చాలా వాచీలు జోన్లు, అంటే ఎంత పల్స్‌కి ఎంత శ్రమ అనే మెట్లు, లెక్కగట్టేది ఇలాంటి వయసు సూత్రంతోనే. ఈ సూత్రం జనాభా సగటుకి పనికొస్తుంది గానీ, ఒకే వయసున్న ఇద్దరిలో అసలు గరిష్ఠ పల్స్ పది పన్నెండు బీట్లు అటూ ఇటూ ఉండడం మామూలే. అయినా ఆ అంకెకి వాచీ తెర మీద ఎర్ర రంగు, పచ్చ రంగు వేశాక జనానికి అది శాసనం అయిపోతుంది. వాచీ కంపెనీలు ట్రైనర్లకి తెచ్చిపెట్టిన తలనొప్పుల్లో ఇదొకటి.

ట్రెడ్‌మిల్ మీద నడక నుంచి మెల్లగా పరుగులోకి తెచ్చిన రోజు ఆయన పక్కనే నిలబడ్డాను. కుడిచేయి ముందున్న కడ్డీని గట్టిగా పట్టుకుని ఉంది, వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. భుజాలు ఊపిరితో పాటు పైకి లేస్తున్నాయి. ఆఫీసు గురించి ఏదో అడిగితే రెండు మాటలు చెప్పి ఊపిరి పీల్చుకుని ఇంకో రెండు మాటలు చెప్పారు. వాచీలో 112.

ఇక్కడ బోర్గ్ స్కేల్ పనికొచ్చింది. స్వీడన్‌కి చెందిన మనస్తత్వవేత్త గున్నార్ బోర్గ్ తయారుచేసిన ఈ కొలత 6 నుంచి 20 దాకా ఉంటుంది. 6 అంటే ఏ శ్రమా లేదు, 20 అంటే ఇక చేతకాదు. 6 నుంచి ఎందుకు మొదలైందని జూనియర్లు అడుగుతుంటారు. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఆ అంకెని పదితో హెచ్చిస్తే సుమారుగా పల్స్‌కి దగ్గరగా వచ్చేలా దాన్ని అమర్చారు. ఆ లెక్కన 112 పల్స్ ఉన్నవాళ్లు 11 దగ్గర, అంటే 'తేలిక' అనే మెట్టు మీద ఉండాలి. నా కంటికి ఆయన 17 మీద ఉన్నారు. అడిగితే "13" అన్నారు. పరుగు పందేల మనిషి కాబట్టి కొంత తగ్గించి చెప్పి ఉంటారనుకున్నా, ఆ 13 కూడా వాచీతో కలవలేదు.

బెల్ట్ ఆపేయకుండా స్పీడ్ తగ్గించుకుంటూ నడకకి తెచ్చాను. మొదట అనుమానించాల్సింది వాచీనే. పట్టీ వదులుగా ఉన్నా, చెయ్యి బాగా ఊపుతున్నా, చర్మం చల్లగా ఉన్నా మణికట్టు సెన్సార్ తప్పు చూపిస్తుంది. తర్వాతి సెషన్‌లో పల్స్ కొలిచే ఛాతీ పట్టీ కట్టించాను, నేను కూడా చేత్తో పదిహేను సెకన్లు లెక్కపెట్టాను. ఇరవై ఎనిమిది వచ్చింది, నాలుగుతో హెచ్చిస్తే అదే 112. కూర్చుని ఉన్నప్పుడు చూస్తే 56. ఏళ్ల తరబడి వ్యాయామం లేని మనిషికి విశ్రాంతిలో 56 ఉండడం కొంచెం ఆలోచించాల్సిన విషయం.

ఊపిరి అందట్లేదు గానీ పల్స్ పెరగట్లేదు అంటే ముందు గుర్తొచ్చేది బీటా బ్లాకర్ మాత్రలు. బీపీకి, గుండె లయకి, మైగ్రేన్‌కి, కొన్నిసార్లు చేతుల వణుకుకి కూడా ఇస్తారు. ఇవి శ్రమకి గుండె వేగం పెరగడాన్ని అణచిపెడతాయి. అయితే ఇదే లక్షణం గుండె లయలోనే ఏదో తేడా ఉన్నవాళ్లలో కూడా కనిపించవచ్చు. ఏదన్నది తేల్చడం ట్రైనర్ పని కాదు. రెండిట్లో ఏదైనా సరే, తెలిసేదాకా శ్రమ పెంచకూడదన్నది మాత్రం ట్రైనర్ పనే.

అడిగిన తీరు

'మందులు వాడుతున్నారా' అని మళ్లీ అడగడంలో అర్థం లేదు. ఆ ప్రశ్నకి ఆయన కాగితం మీద ఒకసారి 'లేదు' అనేశారు. ఇప్పుడు 'అవును' అంటే అప్పుడు అబద్ధం చెప్పినట్టవుతుంది. ఆయన స్థాయి మనిషి, అందులోనూ తనకంటే చిన్నవాడి ముందు, ఆ మెట్టు దిగడు. అందుకే జిమ్ ఫ్లోర్ మీద అడగకుండా, కన్సల్టేషన్ గదిలో కూర్చున్నాక, ముందు ఆయన మాటే నిజమని మొదలుపెట్టాను.

"సార్, మీ వాచీ కరెక్టే. నేను చేత్తో కూడా చూశాను. మీరు పడుతున్న కష్టానికి పల్స్ పెరగాల్సినంత పెరగట్లేదు. రోజూ వేసుకునే కొన్ని మాత్రల వల్ల ఇలా అవుతుంది, అదైతే కంగారు పడాల్సిందేమీ లేదు, ప్రోగ్రామ్ వేరేలా రాస్తాను. మాత్రలేమీ లేకపోతే మాత్రం డాక్టర్ చూడాలి. ఏదో తెలిసేదాకా స్పీడ్ పెంచను."

కాసేపు ఏమీ అనలేదు. ఫోన్ తీసి బల్ల మీద బోర్లా పెట్టారు.

"బీపీకి ఒక మాత్ర వేసుకుంటాను. అదేం పెద్ద విషయం?"

"పెద్ద విషయమేం కాదు సార్. పేరు తెలిస్తే నాకు పని సులువవుతుంది."

పేరు చెప్పారు. బీటా బ్లాకరే. ఎందుకు దాచారని నేను అడగలేదు. ఫామ్ నింపేటప్పుడు ఏమైనా ఇబ్బంది అయిందా అని మాత్రం అడిగాను. రిసెప్షన్ కౌంటర్ దగ్గర నిలబడి ఆ ఫామ్ నింపుతుంటే పక్కనే ఆయన ఆఫీసులో పనిచేసే కుర్రాడు మెంబర్‌షిప్ కోసం నిలబడి ఉన్నాడట. "వాడి ముందు బీపీ ఉందని రాయమంటావా?" అన్నారు. ఏడు 'లేదు'ల మీద ఒకే గీత వెనక కథ అది.

తర్వాత ఆయన అన్న మాట వింటే ఇన్నాళ్ల మొండితనం ఎక్కడినుంచి వచ్చిందో అర్థమైంది. "పల్స్ పెరగట్లేదంటే గుండె మొద్దుబారిపోయిందేమో అనుకున్నాను. అందుకే ఎలాగైనా పెంచాలని చూశాను." వార్మప్ ఎగ్గొట్టడం, గెంతే వ్యాయామాల వీడియోలు తెచ్చి చూపించడం, "ఇది నాకు చాలదు" అనడం, అన్నీ ఆ ఒక్క అంకె చుట్టూ తిరిగినవే. పాత ట్రైనర్లు ఈగో అన్నది చాలావరకు భయం. మాత్ర పల్స్‌ని అణచిపెడుతుందని ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు, లేదా చెప్పినప్పుడు ఆయన విని ఉండరు.

అయితే సంభాషణ అక్కడితో సాఫీగా ముగియలేదు.

"అంటే జిమ్‌కొచ్చే రోజు మాత్ర మానేస్తే సరిపోతుంది కదా?"

ఇలాంటి ప్రశ్న ఎంత మామూలుగా వస్తుందో చూడండి. దీనికి నసుగుడు సమాధానం పనికిరాదు. "మానొద్దు సార్. ఈ రకం మాత్ర ఉన్నట్టుండి ఆపేస్తే బీపీ, పల్స్ ఒక్కసారిగా ఎగిరి గుండె మీద భారం పడే ప్రమాదం ఉంది. తగ్గించాలన్నా మార్చాలన్నా మీ డాక్టరే చెప్పాలి. నేను చెప్పకూడదు, మీరు సొంతంగా చేయకూడదు" అన్నాను. ఎప్పుడైనా ఆపి చూశారా అని అడిగితే తల పక్కకి తిప్పుకున్నారు. నాకు జవాబు దొరికినట్టే. "ఆ సంగతి కూడా డాక్టర్‌కి చెప్పండి, నన్ను లెటర్‌లో రాయమంటే రాస్తాను" అన్నాను. నేనే చెబుతానన్నారు.

సెషన్లు ఆపిన రోజులు

డాక్టర్ లెటర్ వచ్చేదాకా సెషన్లు ఆపాం. మర్నాడే ఆయన మేనేజర్ దగ్గరికి వెళ్లారు. డబ్బు కట్టించుకుని వర్కవుట్ చేయించట్లేదని, ట్రైనర్‌ని మార్చమని గొడవ. గదిలో అంత మెత్తగా మాట్లాడిన మనిషే మర్నాడు అలా మాట్లాడడం కొత్త ట్రైనర్లకి ద్రోహంలా అనిపిస్తుంది. నాకు అలా అనిపించదు. దాచుకున్న విషయం బయటపెట్టిన మనిషి మర్నాడు కొంచెం గట్టిగానే అరుస్తాడు.

మేనేజర్‌కి గొడవ సద్దుమణిగితే చాలు. "తేలికపాటివి ఏవో చేయించండి" అన్నారు. అప్పుడు నా తరఫున మాట్లాడింది సెషన్ షీట్. తేదీ, ఎన్నింటికి వచ్చారు, ఏం చేశాం, స్పీడ్ ఎంత, ఛాతీ పట్టీలో ఎంత, చేత్తో ఎంత, ఆయన చెప్పిన బోర్గ్ అంకె, ఎన్ని మాటలకోసారి ఊపిరి తీసుకున్నారు, ఇవన్నీ అదే రోజు రాసినవి. అభిప్రాయం ఒక్కటి కూడా లేదు. షీట్‌లో 'అహంకారి' అని ఉండి ఉంటే ఆ గదిలో నాకూ క్లయింట్‌కీ మధ్య తగాదాగా మారేది. '18 నిమిషాలు లేటు, వార్మప్ వద్దన్నారు, ట్రెడ్‌మిల్ మీద 112, మాట తెగుతోంది' అని ఉంటే మేనేజర్‌కి తేల్చుకోవడం తేలికైంది.

నేను పట్టుబట్టి చేయించింది ఇంకోటి ఉంది. ఆగిన రోజులన్నీ ప్యాకేజీ గడువుకి కలిపి, ఆ మాట రాతపూర్వకంగా ఆయనకి పంపించాం. ఒంటి విషయంలో మనం గట్టిగా ఉండాలంటే డబ్బు విషయంలో ఆయనకి నష్టం జరగకూడదు. లేకపోతే భద్రత పేరు చెప్పి సెషన్లు మింగేశారన్న అనుమానం వస్తుంది, వస్తే అది న్యాయమే.

లెటర్ వచ్చింది. మధ్యస్థ శ్రమకి అనుమతి, ఊపిరి బిగబట్టి బరువులెత్తొద్దు, సెషన్‌కి ముందు బీపీ చూడండి, ఇంత దాటితే ఆ రోజు వద్దు అని ఒక పరిమితి. విశ్రాంతిలో పై అంకె 200 దాటినా, కింది అంకె 110 దాటినా వ్యాయామం పెట్టకూడదన్నది సాధారణంగా పాటించే హద్దు. ఆయన డాక్టర్ రాసింది అంతకంటే చాలా తక్కువ. ఆ తక్కువదాన్నే పాటించాం.

ప్రోగ్రామ్

ముందు వాచీ సంగతి. తీసేయమంటే యుద్ధమే. వాచీ చేతికే ఉంటుంది, రోజు మొత్తం అడుగులు లెక్కపెట్టుకోవచ్చు, సెషన్‌లో మాత్రం తెర లోపలి వైపుకి తిప్పుకోవాలి. లేదంటే ఛాతీ పట్టీ పెట్టుకుని అంకెలు నేను రాసుకుంటాను, సెషన్ అయ్యాక చూపిస్తాను. రెండిట్లో ఏదో మీ ఇష్టం అన్నాను. తెర తిప్పుకోవడానికే మొగ్గారు. ఇలాంటి మనిషికి నేను ఎప్పుడూ రెండు దారులు పెడతాను. రెండూ నాకు సమ్మతమైనవే, ఎంచుకునేది ఆయన. స్వయం నిర్ణయ సిద్ధాంతం చెప్పిన ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ మనిషిని నిలబెట్టే అవసరాల్లో స్వేచ్ఛని ఒకటిగా పెట్టారు. ఆఫీసులో రోజంతా నిర్ణయాలు తీసుకునే మనిషిని జిమ్‌లో గంటసేపు చెప్పింది చేయమంటే ఎక్కడో ఒకచోట తిరగబడతాడని ఫ్లోర్ మీద పనిచేసే ఎవరికైనా తెలుసు.

శ్రమ కొలత బోర్గ్ 12 నుంచి 14. దానికి తోడు మాట పరీక్ష: పూర్తి వాక్యం ఆగకుండా చెప్పగలగాలి. మొదట్లో ఆయన అంకె తగ్గించి చెబుతారని తెలుసు కాబట్టి, అంకె చెప్పాక ఆ రోజు ఆఫీసు సంగతి ఏదో ఒకటి అడిగేవాణ్ని. వాక్యం తెగితే స్పీడ్ తగ్గేది. కొన్నాళ్లకి ఆయనే "14 అన్నాను గానీ 15 రాసుకో" అనడం మొదలుపెట్టారు.

వార్మప్ పది నిమిషాలు, చివర్లో మెల్లగా తగ్గించుకుంటూ ఆగే కూల్‌డౌన్ పది నిమిషాలు, రెండిటి మీదా బేరం లేదు. కారణం మాత్రం వివరంగా చెప్పాను. శ్రమ చేసేటప్పుడు కాళ్లలోకి రక్తం ఎక్కువగా వెళ్తుంది. ఉన్నట్టుండి ఆగితే అక్కడే నిలిచిపోయి బీపీ పడుతుంది. మామూలు మనిషిలో గుండె వెంటనే వేగం పెంచి సర్దుకుంటుంది. ఈ మాత్ర వేసుకునేవాళ్లలో ఆ సర్దుబాటు మందగిస్తుంది, కళ్లు తిరిగి పడే అవకాశం ఉంటుంది. నేల మీద చేసేవాటి నుంచి లేచేటప్పుడు కూడా అంతే: పక్కకి తిరిగి, కూర్చుని, కాసేపాగి లేవాలి. వార్మప్‌ని టైమ్ వేస్ట్ అన్న మనిషి ఈ వివరణ విన్నాక ఒక్కసారి కూడా కూల్‌డౌన్ వదల్లేదు. ఎందుకో తెలిస్తే చేసే రకం ఆయన, చెప్పారు కాబట్టి చేసే రకం కాదు.

బరువులు పది పన్నెండు సార్లు ఎత్తగలిగేవి, ఇంకో మూడు సార్లు ఎత్తగలిగే ఓపిక మిగిలి ఉండగానే ఆపాలి. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి. పాత అలవాటుగా లెగ్ ప్రెస్ (కాళ్లతో బరువు తోసే మెషీన్) మీద ఊపిరి బిగబట్టేవారు, మెడ మీద నరం ఉబ్బేది. తోసేటప్పుడు గట్టిగా అంకె లెక్కపెట్టమన్నాను. నోరు తెరిచి లెక్కపెట్టేవాడు ఊపిరి బిగబట్టలేడు.

"మధ్యస్థం అంటే ముసలాళ్ల వ్యాయామం" అన్న వాదన చాలాకాలం నడిచింది. ఇలాంటప్పుడు మనం ఎంత గట్టిగా తోస్తే అవతలివాళ్లు అంత గట్టిగా ఎదురుతోస్తారు. వ్యసనాల చికిత్సలోంచి పుట్టిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ పద్ధతికి ఇదే పునాది. విలియం మిల్లర్, స్టీఫెన్ రోల్నిక్ దాన్ని తీర్చిదిద్దారు. నేను వాడుకునేది దాంట్లో చిన్న ముక్క: అవతలివాళ్ల మాటని వాళ్లకే తిరిగి చెప్పి, మిగతాది వాళ్లే పూర్తిచేసేలా ఆగడం. "ఆయాసం వస్తేనే పని జరిగినట్టు అనిపిస్తుంది మీకు" అన్నాను. "అనిపిస్తుంది. కానీ ఆ రోజుల్లో కూడా రోజూ ఆయాసపడేవాళ్లం కాదులే, మా కోచ్ మెల్లగా పరుగెత్తించే రోజులే ఎక్కువ" అన్నారు. నేను చెప్పాల్సిన పాఠం ఆయనే చెప్పేశారు. పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, రెండు రోజులు కండరాల వ్యాయామం అని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన సంగతి కూడా చూపించాను. నా మాటకంటే ఆ పేరుకే ఎక్కువ విలువిచ్చారు. పని జరిగింది, అది చాలు.

వాచీ అంకె పోయాక ప్రగతి చూపించడానికి ఇంకో అంకె కావాలి, లేకపోతే ఈ రకం మనిషి నిలబడడు. ఒకే వాలు, ఒకే స్పీడ్, నెలకోసారి. గంటకి 5.5 కిలోమీటర్లు, మూడు శాతం వాలు. మొదట్లో బోర్గ్ 15 అన్న నడక కొన్ని నెలలకి 12 అయింది. బరువు విషయంలో రోజువారీ తూకం మానేసి వారం సగటు రాసుకున్నాం, ఎందుకంటే నీళ్లు, ఉప్పు వల్లే ఒకటి రెండు కిలోలు రోజుల్లో అటూ ఇటూ అవుతాయి. ఆ ఊగిసలాట చూసి కేకలేసే సెషన్లు దాంతో తగ్గాయి.

టైమ్, ఫోన్, మాటతీరు

ఇదంతా ఒక ఎత్తు. ఒప్పందం సంగతి వేరే రోజు, వేరే కూర్చోబెట్టి మాట్లాడాను. భయం బయటపెట్టిన రోజే "అన్నట్టు మీరు లేటుగా వస్తున్నారు" అంటే, రెండో మాట మొదటిదాన్ని తినేస్తుంది.

రూల్స్ ఒక పేజీ మీద రాసి సంతకాలు పెట్టుకున్నాం. సెషన్ చెప్పిన టైమ్‌కే ముగుస్తుంది, ఎప్పుడొచ్చినా. వార్మప్, కూల్‌డౌన్ తగ్గవు, కాబట్టి లేటైతే కోతపడేది మధ్యలోదే. ఇరవై నిమిషాలు దాటితే ఆ రోజు నడక మాత్రమే. 24 గంటల ముందు చెప్పకుండా రద్దుచేస్తే సెషన్ లెక్కలో పడుతుంది, అదే రూల్ నాకూ: నేను రద్దుచేస్తే ఒక సెషన్ అదనంగా ఇవ్వాలి. ఫోన్ మాట్లాడుకోవచ్చు, గడియారం ఆగదు.

రూల్ రాయడం తేలిక. మొదటిసారి అమలు చేయడమే అసలు పని. ఒకరోజు ఇరవై అయిదు నిమిషాలు లేటుగా వచ్చి బరువులు చేద్దామన్నారు. నడిపించాను. టైమ్ అయ్యాక "ఇంకో పది నిమిషాలు చూడు" అన్నారు. "తర్వాతవాళ్లు వచ్చేశారు సార్" అన్నాను, అంతే. సాగదీసి చెప్పలేదు, మొహం మాడ్చుకోలేదు. రూల్ పని చేస్తున్నప్పుడు దానిపైన ఉపన్యాసం కూడా ఇస్తే అది శిక్షలా వినిపిస్తుంది. అలా ఇంకొన్నిసార్లు జరిగాక, రోజూ అదే వేళకి ఆఫీసు కాల్ ఒకటి ఉంటుందని, అది ఎప్పుడూ సాగుతుందని ఆయనే చెప్పారు. స్లాట్ ఒక గంట తర్వాతకి జరిపాం. లేటు చాలావరకు పోయింది. బతిమాలుతూ ఉండి ఉంటే ఆ కాల్ సంగతి ఎప్పటికీ బయటకి వచ్చేది కాదనుకుంటాను.

మాటతీరు విషయంలో కాగితం కూడా లేదు. మా దగ్గర కొత్తగా చేరిన జూనియర్ ట్రైనర్‌ని చిటికేసి పిలిచి బరువుల ప్లేట్లు తీయమని, ఆమె ఏదో చెప్పబోతే "నీకేం తెలుసు, తియ్" అన్నారు. దానికి అక్కడికక్కడే, గొంతు పెంచకుండా, ఒక్క వాక్యం: "సార్, ఆమెతో ఇలా మాట్లాడితే సెషన్ ఇక్కడితో ఆపేస్తాను." నవ్వి తేలిక చేయబోయారు. నేను నవ్వలేదు. ప్లేట్లు ఆయనే తీసి పెట్టారు. దీని వెనక కూడా ఏదో భయం ఉండొచ్చు, ఉండనివ్వండి. స్టాఫ్‌ని చులకన చేయడం దగ్గర కారణాలు తవ్వే పని నాది కాదు. అసభ్యంగా మాట్లాడడం, ముట్టుకోవడం లాంటిదైతే ఈ ఒక్క వాక్యం కూడా ఉండదు, నేరుగా రాతపూర్వక ఫిర్యాదు, మెంబర్‌షిప్ సంగతి యాజమాన్యం తేల్చాలి.

ఆ జూనియర్‌కి ఆయన సారీ చెప్పలేదు. ఆయన సెషన్లలో సాయానికి రానని ఆమె అంది. మేనేజర్ కొంచెం గొణిగినా, ఆమె మాటే ఉంచాం. ఇప్పటికీ అలాగే ఉంది.

ఎక్కడిదాకా వచ్చాం

ప్యాకేజీ అయ్యేసరికి అయిదు కిలోల దాకా తగ్గారు. అనుకున్న పన్నెండు కాలేదు. ఆయనకి అసంతృప్తి ఉంది, దాన్ని దాచుకోలేదు కూడా. వారానికి అర కిలో చొప్పున ప్రతి వారం తగ్గితే ఎంత అవ్వాలో, ప్రయాణాల వల్ల ఎన్ని వారాలు పోయాయో షీట్‌లో లెక్క చూపించాను. వాదించారు. లెక్క మాత్రం కాదనలేదు. వాదించడం ఆయన స్వభావం, అది మార్చాలని నేను ప్రయత్నించలేదు.

రెన్యూవల్ దగ్గర నేను వారానికి ఒక్క సెషన్ చాలన్నాను. మిగతా రోజులు సొంతంగా నడక, సొంతంగా బోర్గ్ అంకె రాసుకోవడం. పెద్ద ప్యాకేజీ అమ్మే అవకాశం పోగొట్టానని మేనేజర్ మొహం చిన్నబుచ్చుకున్నారు. కానీ తన శ్రమని తనే కొలుచుకోగలిగిన మనిషికి మూడు సెషన్లు అంటగడితే మళ్లీ మొదటి రోజుల గొడవే మొదలవుతుందని నా అంచనా.

జిమ్‌లో మారినవి రెండు. ఆరోగ్య ఫామ్ ఇప్పుడు కౌంటర్ దగ్గర నింపించట్లేదు, కన్సల్టేషన్ గదిలో ట్రైనర్ కూర్చుని నింపిస్తారు. ఫామ్‌లోని ప్రశ్నలు అలాగే ఉన్నాయి గానీ, 'మందులు వాడుతున్నారా' అనే చోట ట్రైనర్ నోటితో అడిగేది "రోజూ వేసుకునే మాత్రలేంటి?" అని. ఏమీ లేనివాళ్లు ఏమీ లేవంటారు. ఉన్నవాళ్లకి చెప్పడం తేలికవుతుంది.

నేను సెలవులో ఉన్నప్పుడు ఆయన్ని చూసే ట్రైనర్ కోసం ఫైల్ మొదటి పేజీలో ఒక నోట్ పెట్టాను: పల్స్ లెక్కలోకి తీసుకోవద్దు, బోర్గ్ అడగండి, వాక్యం చెప్పించండి, సెషన్‌కి ముందు బీపీ రాయండి, ఏది మార్చినా కారణం చెప్పండి, టైమ్‌కి ఆపండి, మాత్ర గానీ మోతాదు గానీ మారిందని తెలిస్తే పాత అంకెలన్నీ పక్కనపెట్టి, డాక్టర్ లెటర్ కొత్తది తెప్పించుకుని, 5.5 నడక దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టండి.